చిన్న బడి... పెద్ద లెక్క

రెండు గదులు, అయిదు తరగతులు, ఒకరిద్దరు టీచర్లు. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఎక్కాలు. మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా నడిచిన మిషన్‌ బడి గురించి చెప్పమంటే ఎవరైనా ఇంతే చెబుతారు. కానీ ఆ బడి ఎవరిని లోపలికి రానిస్తుంది, ఏం నేర్పుతుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నవన్నీ ఎప్పుడూ ఒక్క ప్రశ్న దగ్గరే తేలాయి. అయ్యవారి జీతం ఎవరిస్తారు?

మదనపల్లె అనగానే చాలామందికి టమోటా మార్కెట్టు గుర్తొస్తుంది. చరిత్ర తెలిసినవాళ్లయితే 1919లో రవీంద్రనాథ్‌ ఠాగూర్‌ ఇక్కడి థియోసాఫికల్‌ కళాశాలలో ఉంటూ ‘జనగణమన’ను ఇంగ్లిషులోకి అనువదించిన సంగతి చెబుతారు. 1895లో ఇక్కడే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరు, ఆయన ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ పేరు చెబుతారు. 1915 నుంచి క్షయరోగులకు నీడనిచ్చిన ఆరోగ్యవరం శానటోరియం గురించి చెబుతారు.

ఇంత పెద్ద పేర్ల మధ్య ఒక చిన్న పేరు వినపడకుండా పోతుంది. అది మిషన్‌ బడి. హైస్కూలు కాదు, కాలేజీ కాదు, ఒకటి నుంచి అయిదు దాకా ఉండే ప్రాథమిక పాఠశాల. పక్కనే చిన్న చర్చి, ముందు ఒక వేపచెట్టో కానుగ చెట్టో, చెట్టుకు వేలాడే ఇనుప గంట. చాలాచోట్ల ఆదివారం ఆరాధనకూ సోమవారం బడికీ ఒకటే గది. ఆ గదిలో ఓనమాలు దిద్దినవాళ్లలో చాలామంది ఇళ్లలో అంతకు ముందు అక్షరం ముక్క తెలిసినవాళ్లే లేరు.

దొరలు వద్దనుకున్న బడి

బడులు పెట్టడానికే పాదిరీలు వచ్చారని చాలామంది అనుకుంటారు. ఈ ప్రాంతంలో జరిగింది అందుకు దాదాపు తిరకాసు. ఇక్కడ పనిచేసింది అమెరికన్‌ ఆర్కాటు మిషన్‌. అమెరికాలోని రిఫార్మ్‌డ్‌ చర్చి తరఫున స్కడ్డర్‌ సోదరులు 1853లో దాన్ని మొదలుపెట్టారు. వేలూరులో పెద్దాసుపత్రి కట్టిన డాక్టర్‌ ఐడా స్కడ్డర్‌ది ఆ కుటుంబమే. తొలినాళ్లలో ఆ మిషన్‌ పెట్టుకున్న నియమం ఏమిటంటే, జనం భాషలో బోధించాలి, ఇంగ్లిషు బడులతో ఇతర మతాల పిల్లల్ని ఆకర్షించే పని పెట్టుకోకూడదు. బడి అంటూ ఉంటే అది క్రైస్తవుల పిల్లలకే అన్నమాట.

1863లో డాక్టర్‌ జేకబ్‌ ఛేంబర్లిన్‌ మదనపల్లెకు వచ్చి స్థిరపడ్డారు. అప్పటికి ఇది కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఛేంబర్లిన్‌ వైద్యుడు, పాదిరి, తెలుగు బాగా నేర్చినవాడు. తెలుగు బైబిలు సవరణలో పెద్ద చెయ్యి ఆయనది. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. ఆ నలభై అయిదేళ్లలో మిషన్‌ నియమం మెల్లగా మారిపోయింది. మార్చింది దొరలు కాదు, పల్లెలు.

మిషన్‌లో చేరతామని వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరికి దూరంగా ఉండే పేటల వాళ్లు. అటువంటి పేటను చేర్చుకోవడానికి మిషన్‌ కొన్ని షరతులు పెట్టేది. కొన్ని కుటుంబాలు కలిసి ముందుకు రావాలి. విగ్రహారాధన మానాలి. ఆదివారం పాటించాలి. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. అందుకు బదులుగా మిషన్‌ వాళ్లకొక ఉపదేశకుణ్ని పంపేది. ఆ ఉపదేశకుడే అయ్యవారు. పగలు పిల్లలకు బడి, రాత్రి లాంతరు వెలుతురులో పెద్దలకు చదువు, ఆదివారం ఆరాధన అన్నీ ఆయనవే. కొత్త నమ్మకం పుస్తకంలో ఉంది. పుస్తకం చదవాలంటే అక్షరాలు రావాలి. అలా, వద్దనుకున్న బడి తప్పనిసరి బడి అయింది.

వీధిబడిలో లేనివాళ్లు

అంతకుముందు ఈ సీమలో చదువే లేదా అంటే, ఉంది. థామస్‌ మన్రో గవర్నరుగా ఉండగా 1822లో మద్రాసు రాజధాని అంతటా బడుల లెక్క అడిగాడు. పొరుగున ఉన్న బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్‌ 1823లో పంపిన జవాబులో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారు. ఈనాటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో ఆ జిల్లా కిందికే వచ్చేది. ఆ హిందూ పిల్లల్లో ఆడపిల్లలు 60 మందే. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించడం... ఆ వీధిబడి పద్ధతిని క్యాంప్‌బెల్‌ వివరంగా రాశాడు, మెచ్చుకున్నాడు కూడా.

వీధిబడి అయ్యవారికి జీతం ఇచ్చేది పిల్లల తల్లిదండ్రులు. గింజలో, డబ్బులో, పండక్కి పంచెల చాపో. ఇవ్వగలిగినవాడి కొడుకు వస్తాడు, ఇవ్వలేనివాడి కొడుకు గొడ్లు కాస్తాడు. ఇవ్వగలిగినా, పేట పిల్లవాడు ఆ అరుగు ఎక్కే మాటే లేదు. అంటే జీతం ఎక్కణ్నించి వస్తుందో బడి తలుపు అటువైపే తెరుచుకునేది.

మిషన్‌ బడిలో అయ్యవారి జీతం పేట వాళ్ల దగ్గర్నించి రాలేదు. సముద్రాల అవతలి చర్చిల కానుకల పెట్టెలోంచి వచ్చింది. అందుకే తలుపు వేరే వైపు తెరుచుకుంది. మద్రాసు రాజధానిలో చాలాచోట్ల పేట పిల్లల్ని చేర్చుకున్నందుకు మిగతా కులాల వాళ్లు తమ పిల్లల్ని మాన్పించుకుపోయిన సందర్భాలున్నాయి. బడి ఖాళీ అవుతుందన్న భయంతో పేట పిల్లల్ని పంపేసిన మేనేజర్లూ ఉన్నారు, పంపనివాళ్లూ ఉన్నారు. బడి గుణం ప్రార్థనలో కంటే అటువంటి రోజున హాజరుపట్టీలో తేలేది.

గుప్పెడు బియ్యం

దూరదేశపు డబ్బుకు ఒక ఇబ్బంది ఉంది. అది అక్కడివాళ్ల రాబడిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. 1929 ఆర్థికమాంద్యం తర్వాత అమెరికా చర్చిల కానుకలు తగ్గిపోయాయి. పల్లెబడి అయ్యవారికి ముందే చాలీచాలని జీతం. పైగా ఆయన చేసే పనులకు లెక్కలేదు. ఉత్తరాలు చదివిపెట్టాలి. తాలూకా కచేరీకి అర్జీ రాసివ్వాలి. అప్పు పత్రంలో వేలిముద్ర వేసేముందు అందులో ఏముందో చదివి చెప్పాలి. పేటలో ఈ ఒక్కపని చాలు, షావుకారు అయ్యవారిని చూసి మొహం చిట్లించుకోవడానికి!

ఆ అయ్యవారిని నిలబెట్టింది ఇళ్లలోని ఆడవాళ్లు. తెలుగు క్రైస్తవ సంఘాల్లో ‘గుప్పెడు బియ్యం’ అనే ఆచారం ఉంది. అన్నం వండుకునే ప్రతిపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వేస్తారు. వారం తిరిగేసరికి అది చర్చికి చేరుతుంది. పంటలు ఇంటికొచ్చాక కోత పండుగ. రాగులు, చెనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి గుడి ముందు పెడతారు, వేలం వేస్తారు. పిల్లల దగ్గర ఫీజు తీసుకోకుండా ఊరు బడిని పోషించుకున్న పద్ధతి ఇది. అందరూ తెచ్చినది ఒకే రాశిలో కలిసిపోతుంది. ఎవరి గుప్పెడు ఎవరి పిల్లవాడి చదువుకు పోయిందో లెక్క తేలదు. తేలకపోవడమే అందులోని మేలు.

ఇటువంటి పల్లెలే పునాదిగా ఒక పెద్ద ప్రయత్నం తెలంగాణలోని దోర్నకల్‌లో జరిగింది. 1912లో ఆంగ్లికన్‌ చర్చిలో తొలి భారతీయ బిషప్‌ అయిన వి.ఎస్‌.అజరయ్య, పల్లెకు వెళ్లే ఉపదేశకుడితో పాటు అతని భార్యకూ చదువు, తర్ఫీదు ఉండాలని పట్టుబట్టారు. అయ్యవారమ్మ చదువుకున్నదైతేనే ఆడపిల్లలు గడప దాటి బడికొస్తారన్నది ఆయన లెక్క.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు

మిషన్‌ బడికి రెండో దాత సర్కారు. 1854 నాటి ఉడ్స్‌ డిస్పాచ్‌ ఒక కొత్త దారి తెరిచింది. ప్రైవేటువాళ్లు నడిపే బడి అయినా, మామూలు చదువు సరిగా చెబితే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది, మతబోధ జోలికి పోదు. మిషన్లకు ఇది కలిసొచ్చింది.

కానీ 19వ శతాబ్దపు మద్రాసు రాజధానిలో ఆ గ్రాంటు ఇచ్చిన తీరే వేరు. దానిపేరు ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’. ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఒక్కొక్క పిల్లవాణ్ని నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. పాసైన తలకు ఇంత అని గ్రాంటు. తప్పితే లేదు. దాంతో ఆ ఒక్కరోజు కోసం ఏడాదంతా బట్టీ! ఎద్దు జబ్బుచేసి వారం రోజులు బడి మానిన పిల్లవాడు, పుల్లలకు పోయే పిల్ల అయ్యవారి జీతానికి చిల్లు పెట్టేవాళ్లే. మందంగా చదివే పిల్లవాణ్ని చేర్చుకోవడమే నష్టం. ఎవరి కోసం బడి పెట్టారో వాళ్లే బరువైపోయారు.

ఆ పద్ధతి తర్వాత పోయింది. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. స్వాతంత్య్రం తర్వాత క్రమంగా ఎయిడెడ్‌ టీచర్ల జీతాలను ప్రభుత్వమే నేరుగా ఇవ్వడం మొదలైంది. ఇటు 1947 సెప్టెంబరు 27న వేర్వేరు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి చర్చ్‌ ఆఫ్‌ సౌత్‌ ఇండియా అయ్యాయి. ఆర్కాటు మిషన్‌ తెలుగు ప్రాంతాలు రాయలసీమ డయాసిస్‌లోకి వచ్చాయి. దొర మేనేజరు స్థానంలో మన అయ్యగారు కరస్పాండెంటు అయ్యారు. తలుపు ఎవరికి తెరవాలో మేనేజ్‌మెంటు నిర్ణయిస్తుంది, జీతం సర్కారు ఇస్తుంది, పిల్లవాడి దగ్గర ఫీజు అడగరు. మిషన్‌ బడి మంచిరోజులు అవే. ఆ రోజుల్లో అక్కడ చదివినవాళ్లు ఇప్పటికీ ‘మా మిషన్‌ బడి’ అనడం వెనక ఈ మూడుకాళ్ల పీట ఉంది.

ఒక అయ్యవారు, అయిదు తరగతులు

డబ్బు సంగతి అలా ఉంచితే, చిన్న బడికి ఒక పుట్టు జబ్బుంది. పిల్లలు తక్కువ కాబట్టి టీచర్లు తక్కువ. ఒకరే అయిదు తరగతులకూ చెప్పాలి. ఒకటో తరగతికి ‘అ ఆ’లు దిద్దిస్తుంటే అయిదో తరగతి అల్లరి చేస్తుంది. వాళ్లకు భిన్నాలు చెబుతుంటే చిన్నవాళ్లు కునుకు తీస్తారు.

1929లో హార్టాగ్‌ కమిటీ దేశమంతటి లెక్క తీసింది. 1922-23లో ఒకటో తరగతిలో ఉన్న ప్రతి వందమందిలో 1925-26 నాటికి నాలుగో తరగతిలో కనపడినవాళ్లు 18 మందే! మిగతావాళ్లు మానేశారు, లేదా ఉన్నచోటే ఉండిపోయారు. అంతకుముందే 1919-20లో ప్రొటెస్టెంటు మిషన్లు గ్రామవిద్య మీద వేసిన విచారణ సంఘం కూడా పల్లెబడి చదువు పల్లె బతుకుతో ముడిపడకపోతే నిలవదని హెచ్చరించింది.

విచిత్రం ఏమిటంటే, ఈ జబ్బుకు మందు రెండుసార్లు ఈ దక్షిణాదిలోనే దొరికింది. మొదటిది మద్రాసులో. 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ పిల్లల బడికి ఆండ్రూ బెల్‌ అనే మతగురువు పెద్దగా ఉన్నాడు. వీధిబడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూశాడు. పెద్ద పిల్లవాడి చేత చిన్నవాళ్లకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. అది ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండు అంతా పాకింది. మన వీధిబడి ఉపాయమే సీమ చుట్టి, మిషన్‌ బడిలో పెద్ద పిల్లల లీడరుగా తిరిగొచ్చింది.

రెండోది మదనపల్లె దగ్గరే పుట్టింది. అయితే క్రైస్తవ బడిలో కాదు, రిషివ్యాలీలో. చుట్టూ ఉన్న చిన్న పల్లెల్లో ఒకే టీచరుతో బడులు నడుపుతూ పద్మనాభరావు, రమ దంపతులు తరగతులనే పక్కన పెట్టేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు చేశారు. గోడమీద ‘నిచ్చెన’ ఉంటుంది. పిల్లవాడు తన మెట్టు తానే చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తీసుకుని, తన గుంపులో కూచుంటాడు. పదిరోజులు వేరుశనగ కోతకు పోయినా నష్టం లేదు. వచ్చాక ఆపిన మెట్టు దగ్గర్నించే మొదలుపెడతాడు. 1990ల్లో కర్ణాటక ఈ పద్ధతినే ‘నలి-కలి’గా మార్చుకుంది. తర్వాత తమిళనాడు కూడా తన ప్రాథమిక బడుల్లో తెచ్చింది.

ఇన్‌స్పెక్టరు కాలంలో బడి మానిన పిల్లవాడు జీతానికి చిల్లు. నిచ్చెన బడిలో అదే పిల్లవాడు ఆలస్యంగా వచ్చిన చుట్టం. చిన్న బడి చిన్నదిగా ఉంటూనే మంచి బడి కావచ్చని ఈ పక్క పల్లెలే నిరూపించాయి. మిషన్‌ బడులు కాపీ కొట్టదగిన పాఠం ఏదైనా ఉంటే ఇదే.

ప్రార్థన ఎవరికి?

క్రైస్తవ బడి అనగానే వచ్చే మొదటి సందేహం మతబోధ. పొద్దున అసెంబ్లీలో ఒక పాట, బైబిలు నుంచి నాలుగు మాటలు, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన, ఆపైన ప్రతిజ్ఞ. డిసెంబరులో గడ్డితో పశువుల పాక, కాగితం నక్షత్రం, దుప్పటి కప్పుకున్న గొర్రెల కాపరులు. ముగ్గురు జ్ఞానుల వేషం ఎవరిదన్న దానిమీద పిల్లల్లో పెద్ద తగువు! హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు కూడా ఉత్సాహంగా వేషాలు కట్టే బడులు కోకొల్లలు.

రాజ్యాంగం ఇక్కడ స్పష్టంగానే గీత గీసింది. 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం, ప్రభుత్వ గుర్తింపు గానీ గ్రాంటు గానీ ఉన్న బడిలో ఎవరినీ వాళ్ల ఇష్టం లేకుండా, పిల్లలైతే పెద్దల ఇష్టం లేకుండా, మతబోధలో పాల్గొనమని బలవంతపెట్టకూడదంది. 29వ అధికరణం, ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడి మతం, కులం, భాష కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదంది. ఈ మూడూ కలిపి చదివితేనే చిన్న క్రైస్తవ బడి ఎలా నడవాలో అర్థమవుతుంది. ప్రార్థన చేసుకునే హక్కు బడిది. చేయనని చెప్పే హక్కు పిల్లవాడి తల్లిదండ్రులది. ఏ హెడ్‌మాస్టరు ఈ రెండో హక్కును అడక్కముందే చెబుతారో ఆ బడికి ఊరి నమ్మకం ఉంటుంది.

రిజిస్టరులో ఒక గడి

హెడ్‌మాస్టరు చేతిని వణికించేది ప్రార్థన కాదు, అడ్మిషను రిజిస్టరు. అందులో మతం, కులం గడులుంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఎస్సీ హోదా లేదు. ఆ తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గానీ క్రైస్తవులకు కాదు. ఎస్సీల నుంచి మారిన క్రైస్తవుల్ని మన రాష్ట్రం బీసీ-సీలో పెట్టింది. ఆ వర్గం వాటా ఒక శాతం. 2025లో ఒక కేసులో ఆంధ్రప్రదేశ్‌ హైకోర్టు కూడా మతం మారినవారికి ఎస్సీ హోదా ఉండదని తేల్చిచెప్పింది.

అయిదేళ్ల పిల్లను చెయ్యిపట్టుకుని తెచ్చిన తండ్రిని ‘ఏం రాయమంటారు?’ అని అడిగితే, ఆ గడిలో పడే మాట పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్ల కాలేజీ సీటును, ఉద్యోగాన్ని తాకుతుంది. ఆదివారం చర్చిలో కూచునే కుటుంబం సోమవారం రిజిస్టరులో వేరే మాట రాయించుకునే సంకటం ఇక్కణ్నించే పుట్టింది. రాసేది మాత్రం రోజూ ‘అబద్ధం ఆడకూడదు’ అని పాఠం చెప్పే టీచరు. చిన్న బడి భుజాన పడిన పెద్ద బరువు ఇది. పేట గడప దాటించడానికి పుట్టిన బడికి, ఆ గడప ఇంకా కాగితం మీద ఉందని ఏటా జూన్‌లో గుర్తొస్తుంది.

కాన్వెంటు కావాలి!

ఇంకో మాట చూడండి. కాన్వెంటు అంటే క్రైస్తవ సన్యాసినులు ఉండే మఠం. వాళ్లు నడిపిన బడులకు ఆ పేరు వచ్చింది. తర్వాత టై కట్టించి ఇంగ్లిషులో చెప్పే ప్రతి బడీ తెలుగునాట కాన్వెంటే అయిపోయింది, దాన్ని ఎవరు నడిపినా. తమాషా ఏమిటంటే, నిజంగా క్రైస్తవులు నడిపే పేటలోని తెలుగు బడిని మాత్రం ఎవరూ కాన్వెంటు అనరు. అది ‘మిషన్‌ బడి’. పేరులోనే తేడా తెలిసిపోతుంది. కాన్వెంటుకు ఫీజుంది, మిషన్‌ బడికి లేదు.

మదనపల్లె, పుంగనూరు దాటి కుప్పం వైపు పోతే భాషలే నాలుగు. ఇంట్లో తమిళం, బజారులో కన్నడం, దర్గా వీధిలో ఉర్దూ, బడిలో తెలుగు. ఒకటో తరగతి టీచరు మొదట చెయ్యాల్సిన పని పిల్లవాడి ఇంటిమాట వినడం. తొలినాటి మిషన్‌ పెట్టుకున్న ‘జనం భాషలోనే’ అన్న నియమం పసిపిల్లల తరగతిలో ఈనాటికీ పాతబడలేదు. కానీ పస్తులుండైనా పిల్లల్ని ఇంగ్లిషు బడికి పంపాలని తల్లి పట్టుబడితే తప్పు పట్టడమెలా? పేటకు ఉద్యోగం తెచ్చిన భాష ఏదో ఆమెకు తెలుసు. ఇంగ్లిషు కావాలంటే అది వచ్చిన టీచరు కావాలి, ఆ టీచరుకు జీతం కావాలి. మళ్లీ మొదటికొచ్చింది లెక్క.

పీట కాలు విరిగితే...

ఎయిడెడ్‌ బడుల్లో టీచరు రిటైరైతే ఆ ఖాళీని నింపడం ఏళ్ల తరబడి ఆగిపోయింది. నలుగురున్నచోట ఇద్దరు, ఇద్దరున్నచోట ఒకరు మిగిలారు. టీచర్లు లేరని పిల్లలు పోయారు. పిల్లలు లేరని టీచర్లను ఇవ్వలేదు.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ఎయిడెడ్‌ సంస్థల ముందు ఒక ప్రశ్న పెట్టింది. ఆస్తులతో సహా సర్కారుకు అప్పగిస్తారా, లేక గ్రాంటుతో పనిచేసే సిబ్బందిని ఇచ్చేసి ప్రైవేటుగా నడుపుకుంటారా? రాష్ట్రమంతా తల్లిదండ్రులు, పిల్లలు రోడ్డెక్కారు. నవంబరులో ప్రభుత్వం మెత్తబడి, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని, ఇదివరకు ఒప్పుకున్నవాళ్లు వెనక్కి తీసుకోవచ్చని చెప్పింది. కానీ అప్పటికే చాలా బడులు టీచర్లను అప్పగించేశాయి.

చిన్న బడికి ఇందులో పోయేది జీతం ఒక్కటే కాదు. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో సర్కారు, ఎయిడెడ్‌ ప్రాథమిక బడుల్లో మధ్యాహ్నం వేడి అన్నం పెడుతున్నారు. గ్రాంటు లేని ప్రైవేటు బడిగా మారితే ఆ పొయ్యి ఆరుతుంది. కూలికి పోయే తల్లికి ఇది చిన్న సంగతి కాదు.

సర్కారు డబ్బు నడిచే దారి కూడా మారింది. 2020 జనవరి 9న చిత్తూరులో మొదలైన ‘అమ్మ ఒడి’, 2025 జూన్‌లో వచ్చిన ‘తల్లికి వందనం’... రెండూ డబ్బును తల్లి ఖాతాలో వేసే పథకాలు. పిల్లవాడు ప్రైవేటు బడిలో చదివినా వస్తాయి. తల్లి చేతికి డబ్బు అందడం మంచిదే. అయితే ఒకప్పుడు సర్కారు డబ్బు అయ్యవారి జీతంగా బడికి వచ్చేది. ఇప్పుడు తల్లి దగ్గరికి వెళ్తోంది. తల్లి ఎటు నడిస్తే అటు పోతుంది. పసుపు బస్సు గడప దాకా వచ్చే కాలంలో రెండు గదుల బడి ఆమెను ఆపగలగాలి.

ఇక చట్టం. 2009 విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలంది. ప్రైవేటు బడుల్లో పేదలకు 25 శాతం సీట్లు ఇవ్వాలంది. కానీ 2014లో సుప్రీంకోర్టు ఈ చట్టం మైనారిటీ బడులకు వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును విస్తృత ధర్మాసనం మళ్లీ చూడాలని 2025 సెప్టెంబరులో అదే కోర్టు అభిప్రాయపడింది. అది ఎటు తేలినా, క్రైస్తవ బడిని అడగాల్సిన మాట ఒకటుంది. పేద పిల్లవాణ్ని చేర్చుకోవడానికి అది ఏనాడూ చట్టం కోసం ఎదురుచూడలేదు. మరి చట్టం వదిలేసిన చోట ఇప్పుడు ఏం చేస్తుంది?

దారులు మూడే కనబడుతున్నాయి. ఫీజు పెట్టడం ఒకటి. పెడితే టీచరు నిలుస్తారు, ఎవరికోసం బడి పుట్టిందో వాళ్లు బయటే నిలబడతారు. మూసేసి స్థలం అద్దెకివ్వడం రెండోది. పట్నం నడిబొడ్డున ఉన్న మిషన్‌ స్థలాల ధర తెలిసినవాళ్లకు ఈ దారి చాలా దగ్గర. మూడోది కష్టమైనది. ఇవ్వగలిగినవాళ్ల దగ్గర తీసుకోవడం, ఇవ్వలేనివాళ్ల లోటును సంఘం పూడ్చడం. ఆ బడిలో చదువుకుని టీచర్లు, నర్సులు, గుమాస్తాలు అయినవాళ్లు మదనపల్లెలో, బెంగళూరులో, ఇంకా దూరదేశాల్లో ఎందరో ఉన్నారు. ఒకనాడు సముద్రం అవతల ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు పెట్టెలో వేసిన కానుకతో వాళ్ల తాతలు అక్షరాలు దిద్దారు.

ఎసట్లో బియ్యం పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుప్పెడు తీసి పక్కన పెట్టే కుండ ఉందా లేదా అన్నదే ప్రశ్న.